ఎక్కుడు సరే, దిగుడెట్ల

హిమాలయాలకు పోవాలన్నా మా వాళ్లు ముందు చేయి ఎత్తాలి. తునికాకు సంఘంలో ఏ పనైనా అట్లాగే మొదలవుతుంది. నాట్లు అయిపోయిన ఒక ఆదివారం పొద్దున, టేకులపల్లి బడి వరండాలో అయిదుగురు ఆడవాళ్లు కూర్చుని చేతులు ఎత్తారు. "పోతే అయిదుగురం పోతం. ఆగితే అయిదుగురం ఆగుతం." ఇదీ తీర్మానం. కాదన్నవాళ్లు లేరు.

కొండలెక్కేవాళ్లు ఇట్లాంటి తీర్మానం చేసుకుంటారా అని ఎవరూ అడగలేదు. ముందటేడు ఆకు రేటు పెంచమని సమ్మె చేసినప్పుడు ఈ మాటతోనే గెలిచాము. ఆకు కోత ఎండాకాలంలో కొద్దిరోజుల పని. ఆ రోజులు దాటితే ఆకు ముదిరిపోతుంది, బీడీకి పనికిరాదు. ఒక్క తండా వాళ్లు పోయి, ఆకు కొనే కల్లంలో కట్టలు అమ్మినా సమ్మె మట్టిలో కలిసేది. ఎవరూ అమ్మలేదు. ఇంట్లో జ్వరం ఉన్నవాళ్లు అమ్మలేదు, పెళ్లి పెట్టుకున్నవాళ్లు అమ్మలేదు. కాంట్రాక్టరు దిగివచ్చాడు. అప్పటి నుంచి ఆ మాట మా వాళ్ల ఒంట్లోకి ఎక్కింది. దవాఖానాకు పోయినా, సంతకు పోయినా అందరూ కలిసే పోవాలి. కొండకు మాత్రం వేరే రూలు ఎందుకు ఉంటుంది?

అసలు హిమాలయాల సంగతి మా మధ్యకు ఎట్లా వచ్చిందంటే, గోరి వల్ల వచ్చింది. గోరి సంఘం అధ్యక్షురాలు. నలభై దాటిన లంబాడీ మనిషి. అడవి మీద బతికే ఆడవాళ్ల సభ హైదరాబాదులో జరిగితే పోయింది. అక్కడికి హిమాలయాల అడుగు కొండల్లోంచి కుంతీదేవి అనే ఆమె వచ్చింది. గడ్డి కోసుకుని, కట్టెలు మోసుకుని బతికే మనిషి. సభ అయ్యాక మీ అడవి చూస్తానంటూ గోరి వెంట తండాకు వచ్చేసింది. హిందీ తర్జుమా చెయ్యడానికి మా సుశీలమ్మ టీచరు ఇస్త్రీ చీర కట్టుకుని తయారై వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపు గోరి తన లంబాడీలో, కుంతీదేవి తన కొండ భాషలో, కోడికూరలో కారం ఎంత వెయ్యాలో మాట్లాడేసుకున్నారు. ఇద్దరికీ సగం సగం అర్థమైంది. అది చాలింది.

మా ఎండకు కుంతీదేవి వాడిపోయింది. అయినా జొన్నరొట్టె తిన్నది, ఆకు కోసింది, గోరి పొయ్యి ముందు కూర్చుని పొగకు కళ్లు తుడుచుకుంది. పోయేటప్పుడు బస్సు మెట్టు మీద నిలబడి, "నీ పొయ్యి కాడ నేను కూర్చున్నా. నా పొయ్యి కాడికి నువ్వు రావాలి" అంది. గోరి సరే అంది. గోరి ఒకసారి సరే అంటే ఇక దాని గురించి మాట్లాడేదేమీ ఉండదు.

దసరా దాటాక రమ్మని అక్కడి ఆడవాళ్ల సంఘం కబురు పెట్టింది. తిండీ పడకా వాళ్లది. ఋషీకేశ్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, బస్సు ఆగిపోయిన చోటి నుంచి నడక. మొదటి రోజు కింది ఊరు, తర్వాత అడవి, ఆ పైన కుంతీదేవి ఊరు. వచ్చేటప్పుడు మళ్లీ అదే దారి. తాళ్లు పట్టుకుని వేలాడే పని లేదు. బడిపిల్లలు రోజూ తిరిగే బాటే. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి నడక దొరకదు.

ప్లాను వేసే పని సుశీలమ్మ మీద పెట్టాము. ఆమెది ఎర్రుపాలెం దిక్కు రైతుల ఇల్లు. చాలా ఏళ్లుగా టేకులపల్లి బడిలో పాఠం చెబుతోంది, సంఘం అర్జీలన్నీ ఆమే రాస్తుంది. తను కూడా వస్తుంది. మిగిలినవాళ్లు గోరి, గోరి తోటికోడలు మంగమ్మ, బస్టాండులో టీ హోటలు నడిపే ఆదెమ్మ, నిరుడే పెళ్లయి తండాకు వచ్చిన బుల్లెమ్మ.

పిలవకుండానే సభకు వచ్చిన ఆరో మనిషి దేవ్లా. గోరి తమ్ముడు, మిలిట్రీ నుంచి రిటైరయి వచ్చాడు. అంత ఉక్కలోనూ ఖాకీ ఓవర్‌కోటు భుజాన వేసుకుని వరండాలో నిలబడ్డాడు.

"పొద్దుగాల్నే లేవాలె. లైన్ల నడవాలె. ఎన్కకు చూడొద్దు. కొండంటే తమాషా కాదు," అన్నాడు.

"నువ్వెన్ని కొండలు ఎక్కినవ్ తమ్మీ?" అని అడిగింది ఆదెమ్మ.

"లెక్కలేదక్కా. పఠాన్‌కోట నుంచి పైకి ఎన్నిసార్లు పోయిన్నో."

"నడిచేనా?"

దేవ్లా మీసం సర్దుకున్నాడు. "లారీల. నేను డ్రైవర్‌ను గద."

"అట్ల చెప్పు. కొండ ఎక్కింది లారీ. నువ్వు లారీ ఎక్కినవ్," అంది మంగమ్మ. వరండా అంతా నవ్వింది. దేవ్లా కూడా నవ్వాడు. కోటు మాత్రం తియ్యలేదు.

మూటల దగ్గర పంచాయితీ అయింది. సామాను వీపుకు కట్టుకోవాలని సుశీలమ్మ, నెత్తిన పెట్టుకుంటామని మంగమ్మ.

"పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి నెత్తిమీదనే మోస్తున్నం టీచరమ్మా. వీపుకు కట్టుకునేది పిల్లల్ని."

"నెత్తిన మూట ఉంటే తల వంచి కింద ఎట్లా చూస్తావు? ఒక పక్క లోయ ఉంటుంది. రాళ్ల మెట్లుంటాయి. కాలు ఎక్కడ పడుతుందో చూసుకోవద్దా?"

"చూడకుండనే నడుస్తం."

"ఇక్కడ నడుస్తావు. పడితే ఇసకలో పడతావు. అక్కడ పడితే ఎక్కడ పడతావో కూడా తెలియదు."

చివరికి యూరియా సంచులు ఉతికి, పట్టీలు కుట్టి, వీపు సంచులు చేశారు. కొత్తగూడెం పోయి కాన్వాస్ బూట్లు తెచ్చారు. బుల్లెమ్మ నీలం రంగు బూట్ల దగ్గర ఆగిపోయింది. స్వెట్టర్లు ఎక్కడ దొరుకుతాయో మా దగ్గర ఎవరికీ తెలియదు. ఈ ఊళ్లో చలికి కప్పుకునేది దుప్పటి, అంతే.

ఇంత చేశాక సుశీలమ్మ ఒక మాట అంది. నేరుగా పోయి కొండ మీద పడకూడదు, ఇక్కడే ఒక గుట్ట ఎక్కి దిగి చూసుకోవాలి అని. మంగమ్మకు కోపం వచ్చింది. "ఆకుకు పోయి అడవంతా తిరిగేటోళ్లం. మాకు పరీక్ష ఏంది?"

"ఆకు కోసేది చదునులో. గుట్టెక్కి ఎవరూ కొయ్యరు," అంది టీచరు.

గోరి కల్పించుకుని, "పోదాం తియ్" అంది. ఆమె గొంతులో ఉత్సాహం లేదు. ఎందుకు లేదో మంగమ్మకు ఒక్కదానికే తెలుసు. పోయిన సీజనులో ఆకు బస్తాలు లారీ మీద సర్దుతూ గోరి కింద పడింది. ఎడమ మోకాలు వాచింది, తగ్గింది. చదునున నడుస్తుంది, ఎక్కుతుంది. దిగేటప్పుడు మాత్రం మోకాలు పట్టేస్తుంది, బరువు ఆనదు. లంబాడీ లంగా పాదాల దాకా ఉంటుంది కాబట్టి లోపల కట్టిన గుడ్డ ఎవరికీ కనపడదు. అధ్యక్షురాలు కుంటుతుందని తెలిస్తే ఏమవుతుంది? తీర్మానం ఉంది కదా. ఒకరు ఆగితే అయిదుగురూ ఆగాలి. తన మోకాలి కోసం నలుగురి ప్రయాణం పోవడం గోరికి ఇష్టం లేదు. కుంతీదేవి పొయ్యి దగ్గరికి పోకుండా ఉండడమూ ఇష్టం లేదు. అందుకని గుడ్డ గట్టిగా బిగించింది.

తర్వాతి ఆదివారం ఎర్రగుట్ట ఎక్కారు. ఎక్కడం ఎట్లా ఎక్కారంటే, ఊరేగింపు పోయినట్టు ఎక్కారు. ముందు గోరి, వెనక నలుగురు, అందరి వెనక దేవ్లా "లెఫ్ట్ రైట్" అంటూ. నెమ్మదిగా పోదామని సుశీలమ్మ అంటూనే ఉంది, ఆమె మాట ఎవరికీ పట్టలేదు. ఆకుకు పోయేటప్పుడు ముందు పోయినవాళ్లకు మంచి చెట్లు దొరుకుతాయి. ఆ అలవాటు కాళ్లలో ఉంది. పైన బండ మీద కూర్చుని, తెచ్చుకున్న గుగ్గిళ్లు తిన్నారు. దూరంగా చెట్ల మీద పొగమంచు చూసి, "హిమాలయం గింతేనా?" అంది మంగమ్మ.

దిగడం మొదలయ్యాక తెలిసింది. దిగుడు మొదట్లోనే బండలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. గోరి మొదటి బండ దిగింది. రెండోది దిగింది. మూడో బండ మీద ఎడమ కాలు పెట్టి, కుడికాలు తియ్యలేక అట్లాగే నిలబడింది. మంగమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది?" అని వెనక నుంచి సుశీలమ్మ అడిగింది.

"ఏం లేదు. చెప్పులో ముల్లు," అంది మంగమ్మ.

"బూట్లేసుకుంది కదమ్మా. చెప్పు ఎక్కడిది?"

ఇక దాచేదేముంది? గోరి ఆ బండ మీదనే కూర్చుని లంగా మోకాలి పైకి లాగింది. గుడ్డ విప్పేసరికి మోకాలు గుమ్మడికాయలా ఉంది.

"నాకు దిగుడు రాదు. లారీ మీదికెల్లి పడ్డ కాడికెల్లి ఇట్లనే ఉంది. మీతోని చెప్పలే," అంది గోరి.

అది విని బుల్లెమ్మ కూడా ఒక రాయి మీద కూర్చుని బూటు విప్పింది. మడమ తోలు లేచి నెత్తురు కారుతోంది. ఆ నీలం రంగు బూట్లు ఆమె పాదానికంటే చిన్నవి. పెద్దవి నల్లరంగులోనే ఉన్నాయట.

"మరి చెప్పవేం పిల్లా?" అంది ఆదెమ్మ.

"నేను చెప్తే అందరి ప్రయాణం ఆగుతది గద," అంది బుల్లెమ్మ.

ఆదెమ్మ ముఖం తుడుచుకుంది. "నాకూ ఆయాసం ఉన్నదే. హోటల్ల పొగ. ఇప్పుడు పైకొచ్చేటప్పుడు రెండు గోళీలు మింగి వచ్చిన. మీకు కనపడొద్దని చెట్టు చాటుకు పోయిన. ఏదో పనిమీద పోయిందనుకున్నరు మీరు."

అందరూ సుశీలమ్మ వైపు చూశారు. ఆమె బండ మధ్యలో, రెండు చేతులూ నేల మీద ఆనించి కూర్చుని ఉంది. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు.

"నేను కిందికి చూడలేను. చిన్నప్పటి నుంచీ అంతే. మేడ మెట్లు కూడా గోడ పట్టుకుని దిగుతాను," అంది.

"గట్లనా! లోయ లోయ అని మమ్మల్ని బెదిరిచ్చినవే టీచరమ్మా!" అంది మంగమ్మ.

"నాకు భయం కాబట్టే నాకు తెలుసు."

మంగమ్మ చుట్టూ చూసింది. అందరికీ ఏదో ఒకటి ఉంది. "నాకేం లేదు మరి. ఏదన్నొకటి చెప్పమంటె చెప్త," అంది. అప్పుడు నవ్వారు. నవ్వుతూనే దుప్పటి కర్రకు కట్టి, గోరిని అందులో కూర్చోబెట్టి, దేవ్లా ఒక పక్క, మంగమ్మ ఒక పక్క కిందికి మోసుకొచ్చారు. సగం దూరంలో దేవ్లాకు నడుం పట్టింది. మిగతా సగం గోరి కూర్చుని, జరుగుతూ జరుగుతూ దిగింది. లంగా అద్దాలు రెండు ఊడిపోయాయి.

మర్నాడు సాయంత్రం మళ్లీ వరండాలో కూర్చున్నారు. చేతులు ఎత్తలేదు. ఒక్క మాట మాత్రం తేల్చారు. ఇక నుంచి నడక మొదలుపెట్టే ముందు ఎవరికి ఎక్కడ నొప్పో పైకి చెప్పాలి, దాస్తే తప్పు. బుల్లెమ్మ నల్ల బూట్లు మార్చుకుని వస్తుంది. ఆదెమ్మ దవాఖానాకు పోయి చూపించుకుంటుంది, అందరూ ఆమె నడకకు తగ్గట్టే నడుస్తారు. సుశీలమ్మ లోయ పక్కన కాకుండా కొండ పక్కన నడుస్తుంది. మిగిలింది గోరి.

"ఎక్కుడు నాకు కష్టం కాదు. దిగుడే. దిగకుంటే ఆడనే ఉంటా," అంది గోరి.

"ఉండు. నేను జొన్నరొట్టె చేసుకునుడు నేర్చుకుంట," అన్నాడు బద్యా. బద్యా గోరి భర్త. అడవి శాఖలో వాచరు. సభకు రాడు, బయట సైకిలు మీద ఒక కాలు ఆనించి వింటాడు.

దేవ్లా గొంతు సవరించుకున్నాడు. ఈసారి కోటు లేదు. "అక్కా, నేను లారీ డ్రైవర్‌నే. కాదనను. కాని రోడ్డు అయిపోయిన కాడ సామాను దించి ఇచ్చేటోన్ని. ఆడికెల్లి పైకి ఖచ్చర్లు మోస్తయి. మనుషులు గూడ ఎక్కుతరు, ముసలోళ్లు, కాలు బాగలేనోళ్లు. కిరాయికి దొరుకుతయి. నువ్వు నడిచి ఎక్కు. దిగేటప్పుడు ఖచ్చర్ మీద దిగు."

"ఖచ్చర్ అంటే?" అంది బుల్లెమ్మ.

"తండ్రి గాడిద, తల్లి గుర్రం. కంచరగాడిద అంటరు."

ఆ మాటకు అందరూ గోరి వైపు తిరిగారు. దేవ్లా సమ్మె రోజుల్లో ఇక్కడ లేడు కాబట్టి అతనికి అర్థం కాలేదు. సమ్మె చివరి రోజుల్లో మా వాళ్లు కల్లేదారు బొమ్మ చేశారు. కల్లంలో కూర్చుని కట్టలు సరిగా లేవని తీసి పక్కకు పడేసే కాంట్రాక్టరు మనిషిని కల్లేదారు అంటారు. పేరు వెంకటనారాయణ. గడ్డితో అతని బొమ్మ చేసి, గాడిద మీద కూర్చోబెట్టి, బస్టాండు నుంచి కల్లం దాకా డప్పులతో ఊరేగించారు. గాడిద తాడు పట్టుకుని నడిచింది గోరి. ఆ తర్వాత చాలా రోజులు ఆయన బజారులోకి రాలేదు. మా దిక్కున గాడిద ఎక్కించడమంటే అది. దానికంటే పెద్ద అవమానం ఇంకోటి లేదు.

"నేను ఎక్కను," అంది గోరి.

"ఖచ్చర్ వేరే అక్కా, గుర్రం లెక్కనే ఉంటది..."

"చెవులెట్ల ఉంటయి?"

దేవ్లా చేతులు రెండూ చెవుల దాకా ఎత్తి దించేశాడు.

"మన తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసిన్రు. ఎంత దూరమైనా ఎద్దు పక్కన నడిచిన్రు గాని ఎక్కలేదు. నేను గాడిద ఎక్కి కుంతి ఇంటికెల్లి దిగి రావాల్నా? నడిచి దిగలేకుంటే నేను పోనే పోను. మీరు పోండ్రి."

"మేము పోతే తీర్మానం ఏమైతది?" అంది ఆదెమ్మ. "అందరం పోవాలె, లేకుంటే ఎవ్వరం పోవద్దు. నువ్వే చెయ్యి ముందు ఎత్తినవ్."

"ఆ తీర్మానం కొట్టెయ్యండ్రి."

"కొట్టెయ్యం," అంది బుల్లెమ్మ. వయసులో చిన్నది, గొంతు మాత్రం పెద్దది. "మేమూ పోం."

సుశీలమ్మ చేతిలోని పెన్నుకు మూత పెట్టింది. అంతటితో ప్రయాణం అయిపోయినట్టే. బయట బద్యా సైకిలు బెల్లు ఒకసారి మోగించి ఊరుకున్నాడు.

మంగమ్మ లేచి నిలబడింది. ఆమె గోరి కంటే చిన్నది, రోజూ ఒకే బావి దగ్గర నీళ్లు తోడుకునే మనిషి. ఇన్నేళ్లలో గోరికి ఎదురు చెప్పలేదు.

"అక్కా, ఒక మాట అడుగుత. కోపం చెయ్యకు. నీ మోకాలు నొస్తే మేము ఆగుతం. దసరాకు కాకుంటే ఎండాకాలానికి పోతం, లేకుంటే అసలుకే పోం. గాని నీ రోషం కోసం ఆగం. సమ్మెల మేము పనులు ఆపుకున్నది రేటు కోసం. ఇప్పుడు దేని కోసం ఆపుకోవాలె? గాడిద చెవుల కోసమా?"

"మంగీ!"

"అవ్, అంటున్న. ఆ బొమ్మను ఎక్కిచ్చినప్పుడు నేనూ ఉన్న. చెప్పుల దండ నేనే కుట్టిన. గాడిద ఏం పాపం చేసింది? అది ఇటుకలు మోస్తది, బట్టలు మోస్తది. ఆ పొద్దు గడ్డిబొమ్మను మోసింది. దానికి మస్తు తేలికైంది, అంతే."

గోరి లేచి వెళ్లిపోయింది. మెట్లు రెండే ఉన్నాయి, అయినా పక్కకు తిరిగి, స్తంభం పట్టుకుని దిగింది. అందరూ చూశారు. ఎవరూ సాయానికి పోలేదు. పోతే తిడుతుందని.

ఇంటికి పోయే దారిలో బద్యా సైకిలు నడిపించుకుంటూ పక్కన వచ్చాడు. సగం దారిలో, "దేవ్లా చెప్పింది నిజమే. మా రేంజరు సారు హిమాలయాలకు పోయొచ్చిండు గద. ఆయన గూడ ఎక్కిండట," అన్నాడు.

"మీ రేంజరు గాడిదే. ఆయన ఎక్కితే ఏంది, ఎక్కకుంటే ఏంది?"

"నువ్వు ఎక్కినా గాడిదవు కావు. ఎక్కకపోయినా కుంతమ్మ నీకు రొట్టె తీసుకొని కిందికి రాదు."

"నువ్వు మంగమ్మ దిక్కా?"

"నేను ఎవ్వరి దిక్కు కాదు. నేను ఇంటికాడ ఉంటా. నీళ్లు పోసుకుంట, రొట్టె మాడగొట్టుకుంట. నాకేం?"

గోరి అతని వైపు చూడలేదు. కొంచెం దూరం పోయాక ఆగి, సైకిలు హ్యాండిలు మీద చెయ్యి ఆనించి మోకాలు రుద్దుకుంది. తర్వాత మళ్లీ నడిచింది.

ఆ వారమంతా ఆమె సంఘం ఆఫీసుకు రాలేదు. ఆరోగ్యం బాగలేదని ఒకరు, కోపమని ఇంకొకరు. సుశీలమ్మ రైలు టిక్కెట్లకు పోవాలా వద్దా అని ఆదెమ్మను అడిగింది. నన్నడిగితే ఏం లాభం, ఆమెను అడగమంది ఆదెమ్మ. ఎవరూ అడగలేదు. ఒకరి మీద ఒకరికి ఇంత మొహమాటం ఉన్న వాళ్లు కాంట్రాక్టరు ముందు ఎట్లా నిలబడ్డారా అనిపిస్తుంది.

ఆదివారం పొద్దున, బజారులో జనం బాగా ఉన్న వేళ, గోరి తనే వచ్చింది. నేరుగా చాకలి బొజ్జయ్య ఇంటికి పోయింది. బొజ్జయ్యకు రెండు గాడిదలు ఉన్నాయి. సమ్మెలో బొమ్మను మోసింది వాటిలో ఒకటే.

"బొజ్జయ్యా, గాడిదను ఒకసారి కిరాయికి ఇస్తవా?"

బొజ్జయ్య భయపడ్డాడు. "మళ్లీ ఎవరిని ఎక్కిస్తరమ్మా? నన్ను పంచాయితీల పెడుతున్నరు మీరు."

"నేనే ఎక్కుత."

వార్త హోటలు దాకా పోయేసరికి మంగమ్మ, బుల్లెమ్మ, ఆదెమ్మ పరుగెత్తుకొచ్చారు. సుశీలమ్మ వెనక వచ్చింది. దేవ్లా కోటు వేసుకుని మరీ వచ్చాడు.

"అక్కా, బడి ఎనకకు పోదాం. ఆడ ఎవ్వరుండరు," అంది మంగమ్మ. నిన్నటిదాకా గాడిదను సమర్థించిన మనిషి ఇప్పుడు చుట్టూ చూస్తోంది.

"బడి ఎనక చదునుగ ఉంది. నాకు దిగుడు కావాలె. వాగుకు దిగే బాట ఉంది గద, దాని మీదికెల్లి పోదాం."

"అది బజార్లకెల్లి పోవాలె అక్కా."

"పోదాం."

గాడిద మీద గోనె పరిచి, ఇటుక మీద నిలబెట్టి గోరిని ఎక్కించారు. గాడిద రెండడుగులు పక్కకు వేసింది. బొజ్జయ్య దాని చెవి దగ్గర ఏదో అన్నాడు, ఆగింది. గోరి కాళ్లు దాదాపు నేలకు తగులుతున్నాయి. లంగా అంచు దుమ్ములో పడుతుంటే బుల్లెమ్మ ఎత్తి పట్టుకుంది. దేవ్లా తాడు పట్టుకోబోయాడు. గోరి వద్దంది. తాడు మంగమ్మకిచ్చింది.

బజారు నవ్వింది. ఇందులో దాచడానికేమీ లేదు. సైకిలు షాపు వాళ్లు నవ్వారు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. ఒకాయన ఈలేశాడు. ఆదెమ్మ ఆయన దగ్గరికి పోయి, "పొద్దున తాగిన చాయ్ పైసలు ఇచ్చి ఈలెయ్యి" అంది. ఆయన ఈల ఆగింది.

కిరాణా దుకాణం ముందు బెంచీ మీద కల్లేదారు వెంకటనారాయణ కూర్చుని ఉన్నాడు. పేపరు మడిచి లేచాడు. ముఖంలో పండగ కనిపించింది.

"ఏం గోరమ్మా, నా సీట్లో నువ్వు కూర్చున్నావే?"

మంగమ్మ తాడు వదిలి అతని మీదికి పోబోయింది. గోరి ఆగమంది. గాడిద కూడా ఆగింది. ఆమె పై నుంచి అతన్ని చూసింది. పై నుంచి అంటే మరీ పై నుంచి కాదు, గాడిద పొట్టిది. ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"నిన్ను మేము ఎక్కిచ్చినం నారాయణా. నేను నాయంత నేనే ఎక్కిన. నా కాలు బాగలేదు. దిగుడు నేర్చుకుంటున్న."

"ఎక్కడ దిగడానికి?"

"హిమాలయాల్ల."

వెంకటనారాయణ మడిచిన పేపరు మళ్లీ విప్పేలోపు గాడిద ముందుకు పోయింది.

వాగు బాట నిటారుగా ఉంటుంది. వానకు కోసుకుపోయి రాళ్లు తేలాయి. అంచుకు వచ్చేసరికి గోరి రెండు చేతులతో గోనె పట్టుకుంది. గాడిద తల కిందికి వంచింది. గోరి కూడా ముందుకు వంగింది. ఇంకొంచెం వంగితే మెడ మీదుగా జారి వాగులో పడేది.

"ఎన్కకు వంగాలె! ఎక్కేటప్పుడు ముందటికి, దిగేటప్పుడు ఎన్కకు!" అని దేవ్లా అరిచాడు.

"నీకెట్ల తెలుసురా? లారీల గూడ గట్లనే కూసుంటవా?"

"అవ్ అక్కా, లారీల గూడ గట్లనే కూసుంట! వంగు!"

గోరి వెనక్కి వంగింది. గాడిద ముందు కాళ్లు ఒక రాయి మీద పెట్టి, వెనక కాళ్లు చూసుకుని, మళ్లీ ముందు కాళ్లు వేసింది. తొందర లేదు దానికి. మంగమ్మ పక్కన నడుస్తోంది కాని పట్టుకోలేదు. పట్టుకోవద్దని ముందే చెప్పింది గోరి. సుశీలమ్మ పైన ఆగిపోయింది. వాగు లోతు చూడలేక కళ్లు మూసుకుని, "దిగిందా? దిగిందా?" అని బుల్లెమ్మను అడుగుతోంది.

"దిగుతుంది టీచరమ్మా. ఇంకా దిగుతనే ఉంది."

సగం బాటలో గాడిద ఒకసారి జారింది. గోరి నోటి నుంచి లంబాడీలో ఒక తిట్టు వచ్చింది. అది గాడిదనో, కాంట్రాక్టరునో, మోకాలినో చెప్పలేం. కాని చేతులు వదల్లేదు, కిందికి దూకలేదు. వాగు ఒడ్డున ఇసకలోకి వచ్చాక గాడిద తనంతట తనే ఆగి నీళ్లకు తల వంచింది.

మంగమ్మ చెయ్యి అందించింది. గోరి దిగి, ఎడమ కాలు నేల మీద మెల్లగా పెట్టి చూసుకుంది. బరువు ఆనింది. పైన గట్టు మీద బజారు సగం వచ్చి నిలబడి ఉంది. ఇప్పుడు నవ్వుతున్నవాళ్లు తక్కువ, చూస్తున్నవాళ్లు ఎక్కువ. గోరి లంగాకు అంటిన దుమ్ము దులుపుకుంది. పైకి చూసి, "టీచరమ్మా, టిక్కెట్లకు పో!" అని కేకేసింది.

తర్వాత బొజ్జయ్య వైపు తిరిగింది.

"దీన్ని పైకి తోలుకపో. నేను నడిచొస్త. ఇంకొకసారి దిగుతం."